ద్వారం వెంకటస్వామినాయుడుగారు

రాయలసీమలో మెట్టచేను గల రైతు భూమిని పైపైన చూచి దాని విలువను నిర్ణయింపడు. ఎండకు నెఱ్ఱెలు విచ్చిన నేలక్రింద జల యుండవచ్చును. పచ్చగా కనబడు నేలక్రింద బండ యుండవచ్చును. త్రవ్వి చూచిన గాని నిజము తెలియదు. మనుష్యుల విషయమును ఇట్టిదే. ఒకనికి కన్ను సరిగా కనబడదనియో, చెవి వినబడదనియో, కాలు సాగదనియో తెలిసినంతనే అతనివలన ఏ పనియు కాదని లోకము తొందరపడి తీర్పు చెప్పుచుండును. అట్టి తీర్పు ఎంత తప్పో తెలిసికొనుటకు మన తెలుగుదేశముననే ఒక మహనీయుని జీవితము గలదు. ఆయన బాల్యము నుండి మందదృష్టి గలవారు. అయినను నాలుగు తంతులు గల ఒక చిన్న వాద్యమును చేపట్టి, దక్షిణదేశమునందలి సంగీత రసికులందఱిచేతను మహావిద్వాంసుడని కొనియాడబడిరి. వారే ద్వారం వెంకటస్వామినాయుడుగారు. జనులు వారిని చనవుతో ఫిడేలు నాయుడుగారని పిలిచెడివారు.

నాయుడుగారు 1893వ సంవత్సరము నవంబరు 8వ తేదీన, దీపావళి పండుగనాడు, బెంగళూరునందు జన్మించిరి. వారి తండ్రి వెంకటరాయుడుగారు సైన్యమునందు ఉద్యోగి. ఆ కుటుంబము తరువాత విశాఖపట్టణమునకు వచ్చి స్థిరపడెను. వెంకటస్వామి అచ్చటనే పెరిగెను. ఇంటిలో సంగీతముపై మక్కువ యుండెను. అన్నగారైన వెంకటకృష్ణయ్యగారు ఫిడేలు వాయించెడివారు. ఈ అన్నగారి యాదరము తమ్ముని జీవితమునకు ఎంత ఊతయైనదో ముందు చూడగలము.

ఊరంతయు దీపములు వెలిగించిన దినమున పుట్టిన ఆ బాలునకు కంటివెలుగు మాత్రము కొఱవడెను. బడిలో గోడనున్న నల్లబల్లమీది అక్షరములు చక్కగా కనబడవు. పుస్తకములోని సన్నని అచ్చు అంతకంటె కష్టము. కిరసనాయిలు దీపము ముందు కూర్చుండి రాత్రులు చదువుట ఆ కన్నులకు అసాధ్యము. ఆ కాలమున మన పాఠశాలలలో మందదృష్టి గల పిల్లలకు ప్రత్యేకమైన ఏర్పాటు లేమియు లేకుండెను. వ్రేళ్ళతో తడవి చదువుకొనుటకు వీలైన చుక్కల లిపి ఐరోపాలో అప్పటికే యున్నను, భారతీయ భాషలన్నిటికి ఉమ్మడిగా భారతీ బ్రెయిలీ అను ఏర్పాటు 1951వ సంవత్సరమునకు గాని కుదురలేదు. కనుక ఇట్టి బాలుడు బడిలో వెనుకబడినయెడల, లోపము బాలునిదే యని తలంచెడివారు గాని, బోధించు పద్ధతిది యని తలంచువారు అరుదు. వెంకటస్వామి చదువు సాగలేదు. బడి తలుపు ఆ విధముగా మూతపడెను.

ఇచ్చట ఒక క్షణము నిలిచి ఆలోచింపుడు. అక్షరము చదువలేని వానికి ఆ రోజులలో గుమాస్తా యుద్యోగమైనను దొరకదు. పొలము పనికిని, చేతిపనులకును కన్ను కావలెను. ఇంటిలో ఒక మూల కూర్చుండి, ఒకరు పెట్టినది తిని, జీవితమంతయు ఇతరులపై ఆధారపడి గడపుటయే అట్టివారికి చాలమార్లు సంభవించుచుండెను. వెంకటస్వామికిని ఆ గతియే పట్టవలసియుండెను. పట్టకపోవుటకు కారణము ఆ యింటిలోని ఫిడేలు.

అన్నగారు తమ్మునకు ఫిడేలు నేర్పసాగిరి. ఈ వాద్యమును గూర్చి మీరు కొంత తెలిసికొనవలెను. వీణకు ఇరువది నాలుగు మెట్లు గలవు. ఏ మెట్టుపై వ్రేలుంచిన ఏ స్వరము పలుకునో ఆ మెట్టే నిర్ణయించును. ఫిడేలునకు అట్టి మెట్లు లేవు. నున్ననైన పలకపై నాలుగు తంతులు మాత్రమే సాగియుండును. ఎడమచేతి వ్రేలు ఒక వెండ్రుకవాసి ఇటునటు జరిగినను స్వరము చెడును. ఆ చోటును కనుగొనుటకు కంటికంటె చెవియే ఎక్కువ తోడ్పడును. ఎంత చూపు గలవాడైనను తంతిని చూచి షడ్జమును గాని పంచమమును గాని పట్టలేడు; విని పట్టవలసినదే. కుడిచేతిలోని కమానునకు గుఱ్ఱపు తోకవెండ్రుకలు బిగించియుండును. దానిని తంతిపై ఎంత ఒత్తిడితో, ఎంత వేగముతో, ఎంత నిడివితో లాగవలెనో చేతికే తెలియవలెను. అనగా బడిలో ఆ బాలునకు అడ్డమైన లోపము ఈ విద్యలో అంతగా అడ్డము కాలేదు. మన సంగీతమును పుస్తకము చూచి గాక, గురువు పాడగా శిష్యుడు విని, మరల పాడి నేర్చుకొనుట మన పూర్వాచారము. ఈ ఆచారము కూడ ఆయనకు అనుకూలించెను.

ఫిడేలు మన దేశపు వాద్యము కాదు. ఐరోపావారితో మన తీరమునకు వచ్చినది. ముత్తుస్వామి దీక్షితుల సోదరుడైన బాలుస్వామి దీక్షితులు మదరాసులో ఒక ఐరోపా వాద్యకాని వద్ద దీనిని అభ్యసించి, పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున కర్ణాటక సంగీతమునకు అనువుగా మలచెను. ఐరోపావారు నిలువబడి, గడ్డముక్రింద ఆనించి దీనిని వాయింతురు. మనవారు నేలపై మఠము వేసికొని కూర్చుండి, వాద్యమును ఱొమ్మునకు ఆనించి, దాని కొసను పాదముపై నిలుపుకొందురు. అట్లు నిలుపుకొనుటచేత ఎడమచేయి స్వేచ్ఛగా తంతులపై జాఱుటకు వీలగును. మన రాగములకు ప్రాణమైన గమకములు పలుకవలెనన్న ఈ స్వేచ్ఛ యుండితీరవలెను. పరదేశపు వాద్యము ఈ విధముగా మన గానమునకు తోడునీడ యయ్యెను.

వెంకటస్వామి బాల్యయౌవనములను ఈ వాద్యమునకే అర్పించెను. కన్ను సరిగా లేనివారికి భగవంతుడు చెవిని ఎక్కువ చుఱుకుగా ఇచ్చునని కొందఱు చెప్పుదురు. ఈ మాట వినుటకు ఇంపుగా నుండును గాని, దీనిలో ఒక అన్యాయము గలదు. అది ఆ మనుష్యుని శ్రమను కనబడకుండ చేయును. చూపు తగ్గినంత మాత్రమున ఎవ్వరును విద్వాంసులు కారు. అట్లయినచో దృష్టిలోపము గల వారందఱును గాయకులే కావలసియుండెను. ఒక్క స్వరము తన చోట నిలుచువఱకు దానినే వందలమార్లు పలికించుట, ఒక కీర్తనను పెద్దల నోట విని సంగతులతో సహా మనసున నిలుపుకొనుట, తప్పును తానే కనిపెట్టి తానే దిద్దుకొనుట, ఇవియే విద్వత్తునకు మెట్లు. నాయుడుగారు ఆ మెట్లన్నిటిని ఎక్కిరి. వారికి కలిగిన కీర్తి చూపు లోపించుటకు బదులుగా వచ్చిన బహుమానము కాదు; ఏండ్ల తరబడి చేసిన సాధనకు ఫలము.

ఇంతలో విజయనగరమున ఒక విశేషము జరిగెను. విజయనగర సంస్థానాధిపతులైన పూసపాటి విజయరామ గజపతి మహారాజుగారి కొలువులో చాగంటి జోగారావు అను ఉద్యోగి యుండెను. ఆయన కుమారుడగు గంగుబాబు అంధుడు. సంగీతమునందు ఆ బాలునకు ఆసక్తి మెండు. ఆ బాలునకు సంగీతము నేర్పుటకు ఏర్పాటు చేయవలెనన్న తలంపు మహారాజుగారికి కలిగినదనియు, ఒక్కనికి గురువును కుదుర్చుటకంటె పదిమందికి ఉపయోగపడునట్లు పాఠశాలనే నెలకొల్పుట మేలని తలంచి, 1919వ సంవత్సరమున విజయరామ గానపాఠశాలను స్థాపించిరనియు విజయనగరమున ప్రసిద్ధమైన వృత్తాంతము. ఆ పాఠశాలయే తరువాత మహారాజా సంగీత కళాశాల యయ్యెను. ఒక అంధబాలుని కొఱకు తెఱవబడిన తలుపు వేలకొలది విద్యార్థులకు దారియైనది. ఒక్కనికి చేసిన మేలు ఒక్కనితో ఆగిపోదనుటకు ఇంతకంటె చక్కని ఉదాహరణము దొరకదు.

ఆ పాఠశాలకు మొదటి అధ్యక్షులుగా హరికథాపితామహులైన ఆదిభట్ల నారాయణదాసుగారు నియమింపబడిరి. దాసుగారు సంగీత సాహిత్యములు రెండింటను సాటిలేనివారు. అనేక భాషలు తెలిసినవారు. ఎవ్వరినిగాని ఊరక మెచ్చుకొను స్వభావము వారిది కాదు. అప్పటికి ఇరువది యాఱేండ్ల వయసున్న వెంకటస్వామినాయుడుగారు ఈ పాఠశాలలో విద్యార్థిగా చేరుటకై విశాఖపట్టణము నుండి విజయనగరమునకు వెళ్ళిరి. తాము నేర్చినది చాలదనియు, ఇంకను నేర్వవలసినది ఎంతో గలదనియు వారి నమ్మకము. దాసుగారు ఆయన ఫిడేలు వాయించగా వినిరి. విన్న పిమ్మట, ఈ యువకుడు విద్యార్థిగా కూర్చుండవలసినవాడు కాదనియు, గురుపీఠమునకే తగినవాడనియు నిశ్చయించి, ఆ పాఠశాలలోనే ఫిడేలు ఆచార్యునిగా నియమింపజేసిరి. శిష్యుడగుటకు వచ్చినవారు గురువై నిలిచిరి.

దాసుగారి నిర్ణయములోని గొప్పతనము మీరు గుర్తింపవలెను. వారు ఎదుట నిలిచిన యువకుని కన్నులను చూచి జాలిపడి ఆ పదవి ఇయ్యలేదు. కన్నులను చూచి సందేహించి నిరాకరింపనును లేదు. ఆ యువకుని వాద్యమును విని, ఆ విన్నదానినిబట్టి తీర్పు చెప్పిరి. ఆయనకు బడిచదువు ఎంత, పట్టములెన్ని అని లెక్కింపలేదు. పనికి ఏది అవసరమో దానినే పరీక్షించి, తక్కిన దానిని విడిచిపెట్టుటయే నిజమైన న్యాయము. మందదృష్టి గల వానికి లోకము సాధారణముగా ఇచ్చునవి రెండే: ఒకటి జాలి, రెండవది నిరాకరణము. దాసుగారు మూడవదైన గౌరవము నిచ్చిరి. ఆ గౌరవమే లభింపకుండినచో ఆయన విద్య ఇంటి నాలుగు గోడల నడుమ నిలిచిపోయెడిదేమో!

నాయుడుగారు విజయనగరమున దీర్ఘకాలము బోధించిరి. 1936వ సంవత్సరమున నారాయణదాసుగారి తరువాత ఆ కళాశాలకు వారే అధ్యక్షులైరి. ఒకప్పుడు బడిచదువు సాగింపజాలని బాలుడు ఒక కళాశాలకే పెద్దయగుట సామాన్యమైన విషయమా? వారి శిష్యులలో వారి అన్నగారి కుమారుడైన ద్వారం నరసింగరావునాయుడుగారు ముఖ్యులు. కుమారుడు భావనారాయణరావుగారును, కుమార్తె మంగతాయారుగారును ఫిడేలు విద్వాంసులై ప్రసిద్ధికెక్కిరి. అన్నగారు తమ్మునకు ఇచ్చిన విద్యను, తమ్ముడు అన్నగారి కుమారునకు వడ్డితో సహా తీర్చెను!

నాయుడుగారు అధ్యక్షులుగా నున్న కాలముననే ఒక పేదబాలుడు సంగీతము నేర్వవలెనను కోరికతో ఒంటరిగా విజయనగరమునకు వచ్చెను. అవి వేసవి సెలవులు, కళాశాల మూసియుండెను. ఊరిలో ఆ బాలునకు తలదాచుకొను చోటు లేదు. నాయుడుగారు కళాశాల ఆవరణలో ఉండుటకు అతనికి అనుమతి నిచ్చిరి. ఆ బాలుడు పట్రాయని సీతారామశాస్త్రిగారి శిష్యరికమున సంగీతము నేర్చి, వారములు చేసికొని, భిక్షాన్నము తిని చదివి, తరువాత తెలుగువారి యింటింట తన గళమును వినిపించెను. ఆయనయే ఘంటసాల వేంకటేశ్వరరావుగారు. తన కాలమున తనకు మూతపడిన తలుపును మఱువని వాడే ఇతరులకు తలుపు తీయగలడు.

ఇక నాయుడుగారి వాదన ప్రతిభను గూర్చి తెలిసికొందము. కర్ణాటక సంగీత సభలో గాయకుడు ప్రధానుడు. ఫిడేలు, మృదంగము ప్రక్కవాద్యములు. గాయకుడు రాగము పాడగా ఫిడేలు విద్వాంసుడు నీడవలె వెంబడింపవలెను. అతడు ఆగినప్పుడు ఆ రాగమునే తాను కొంత పలికింపవలెను. స్వరకల్పనలో గాయకుడు విసరిన స్వరములకు అప్పటికప్పుడే సమాధానము చెప్పవలెను. గాయకుడు ఏమి పాడబోవునో ముందుగా తెలియదు. ముఖకవళికలను, చేతి తాళమును చూచి గ్రహించుట ఇతరులకు సులభము. నాయుడుగారు శ్వాసను, స్వరమును, లయను విని గ్రహింపవలసియుండెను. వారు అట్లే గ్రహించి, గాయకునకు ఇబ్బంది కలిగింపక, సభను రక్తి కట్టించెడివారు. దక్షిణదేశపు గాయకులలో పెద్దలెందఱో వారి ప్రక్కవాద్యమును కోరిరి.

అయినను నాయుడుగారికి అంతటితో తృప్తి కలుగలేదు. ఫిడేలు ఎల్లప్పుడును ప్రక్కవాద్యముగనే యుండవలెనా? వీణవలె, వేణువువలె తానొక్కతెయే సభను నడుపలేదా? ఈ ప్రశ్న వారిని పట్టుకొనెను. ఇది చిన్న ప్రశ్న కాదు. గాయకుని పాటలో సాహిత్యము గలదు. మాటల యర్థము శ్రోతను నిలుపును. ఫిడేలునకు మాట లేదు. మాట లేని నాదముతో రెండు మూడు గంటలు శ్రోతలను కూర్చుండబెట్టుట సాధ్యమా యని పలువురికి సందేహము. సభ విఫలమైనచో, దొరికిన చోటును విడిచి లేనిదానికై ప్రాకులాడెనని లోకము నవ్వును. ప్రక్కవాద్యకానిగా స్థిరపడిన కీర్తికే ముప్పు. ఇంత తెలిసియు నాయుడుగారు వెనుదీయక, ఫిడేలును ప్రధానవాద్యముగా వాయించుటకు దీర్ఘముగా సాధన చేసిరి. 1938వ సంవత్సరమున వేలూరునందు వారు ఫిడేలే ప్రధానముగా కచేరి చేసిరి. కర్ణాటక సంగీత చరిత్రలో ఫిడేలునకు ఆ గౌరవము కలిగించిన తొలి సభగా దీనిని చెప్పుదురు. నేడు ఫిడేలు కచేరి యనిన ఎవ్వరికిని ఆశ్చర్యము కలుగదు. మొదట నడచినవాని పాదముల క్రిందనే బాట ఏర్పడును.

మాట లేని లోటును నాయుడుగారు ఏ విధముగా తీర్చిరి? కమానుతో తీర్చిరి. చిన్న చిన్న ముక్కలుగా కమానును ఆడించుట కొందఱి పద్ధతి. నాయుడుగారు కమానును కొస నుండి కొసవఱకు నిండుగా లాగి, ఒక్క ఊపిరిలో గాయకుడు పాడినట్లు దీర్ఘమైన నాదమును పలికించెడివారు. పాశ్చాత్యదేశపు ఫిడేలు విద్వాంసుల వాదనమును ఆదరముతో విని, వారి కమాను విధానములోని మేలును గ్రహించిరి. కాని దానిని మన రాగమునకు సేవకురాలిగా చేసిరే గాని, మన రాగమును దానికి లోబఱచలేదు. ఇతరుల నుండి నేర్చుకొనుటయు, తన సొత్తును విడువకుండుటయు ఎట్లు కలిసియుండునో వారి వాదనము చూపెను. మంద్రస్థాయిలో గంభీరముగను, తారస్థాయిలో సన్నగిల్లక తియ్యగను పలుకు వారి నాదమును విన్నవారు ఫిడేలు పాడుచున్నదని చెప్పుకొనిరి. గ్రామఫోను పలకలవలనను, ఆకాశవాణివలనను ఆ నాదము ఊరూర వినబడెను.

గౌరవములు వాటంతట అవియే వచ్చెను. 1941వ సంవత్సరమున మదరాసు సంగీత విద్వత్సభ వారికి సంగీతకళానిధి బిరుదము నొసగెను. కర్ణాటక సంగీత విద్వాంసునకు ఇంతకంటె గొప్ప గౌరవము మఱియొకటి లేదని పెద్దలు తలంతురు. ఆంధ్ర విశ్వవిద్యాలయము కళాప్రపూర్ణ బిరుదముతో సత్కరించెను. 1953వ సంవత్సరమున కేంద్ర సంగీత నాటక అకాడమి పురస్కారమును, 1957వ సంవత్సరమున భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదమును ఇచ్చెను.

1952వ సంవత్సరమున యెహూది మెనూహిన్ అను జగత్ప్రసిద్ధుడైన పాశ్చాత్య ఫిడేలు విద్వాంసుడు, నెహ్రూగారి ఆహ్వానముపై మన దేశమునకు వచ్చెను. మదరాసు ఉన్నత న్యాయస్థానమునకు ప్రధాన న్యాయమూర్తియు, తెలుగు రచయితయు అయిన పి. వి. రాజమన్నారుగారి యింట ఆయన నాయుడుగారి వాదనమును వినెను. ఫిడేలు పుట్టిన ఖండపు సంగీతమున ఆరితేరిన విద్వాంసుడు, తన చేతనున్న వాద్యమే నేలపై కూర్చున్న ఒక తెలుగువాని చేతిలో వేఱొక ప్రాణముతో పలుకుట విని ఎంతయు ఆనందించెను. ఒకరి సంగీతశాస్త్రము ఒకరిది కాదు. అయినను ఇరువురను నాలుగు తంతులు కలిపెను.

కోస్తాప్రాంతమున పుట్టిన ఈ నాదమునకును మన రాయలసీమకును సంబంధమేమి యని మీకు తోచవచ్చును. సంబంధము గలదు. నాయుడుగారివద్ద సంగీత మర్మములు గ్రహించినవారిలో డాక్టరు శ్రీపాద పినాకపాణిగారు ఒకరు. ఆయన వృత్తిచేత వైద్యులు. కర్నూలు వైద్యకళాశాలలో పనిచేసి, పదవీవిరమణానంతరము కర్నూలులోనే స్థిరపడి, పగలు రోగులను చూచిన చేతులతోనే సంగీతమును వ్రాసి, ఎందఱికో నేర్పిరి. నేదునూరి కృష్ణమూర్తి, నూకల చినసత్యనారాయణ వంటి గాయకులు ఆయన శిష్యులు. సంగీతసౌరభము అను ఆయన గ్రంథము నాలుగు సంపుటములుగా వెలువడెను. 2013వ సంవత్సరమున, నూఱవయేట, ఆయన కర్నూలుననే పరమపదించిరి. ఈ విధముగా విజయనగరపు నాదము తుంగభద్రాతీరమును చేరినది. అసలు సంగీతము మన ప్రాంతమునకు క్రొత్త కాదు. పదకవితాపితామహుడైన అన్నమాచార్యుడు పూర్వపు కడప మండలమునందలి తాళ్ళపాకలో పుట్టెను. త్యాగరాజస్వామి పూర్వులు, ఒకప్పుడు కర్నూలు జిల్లాలో చేరియుండిన కంభము ప్రాంతపు కాకర్ల గ్రామమువారు. నాయుడుగారు జీవితమంతయు పలికించిన త్యాగరాజ కీర్తనలకు మూలమైన వంశము మన మెట్టనేలనుండియే వెళ్ళినదన్నమాట.

నాయుడుగారి వంటివారు ఇతర దేశములలోను, ఇతర కాలములలోను గలరు. జర్మనీలో పుట్టిన బీథోవెన్ మహాసంగీతకర్త. ముప్పదియేండ్లు నిండకముందే ఆయనకు చెవుడు ప్రారంభమయ్యెను. 1824వ సంవత్సరమున తన తొమ్మిదవ సింఫనీ వియన్నా నగరమున మొదటిసారి వాయింపబడునాటికి ఆయనకు సభవారి కరతాళధ్వనులు కూడ వినబడలేదు. ఒక గాయని ఆయనను సభవైపునకు త్రిప్పి చూపవలసివచ్చెను. ఫ్రాన్సుదేశమున లూయీ బ్రెయిలీ పసితనమున తండ్రి తోలుపని చేయుచోట ఆరె గ్రుచ్చుకొని చూపు పోగొట్టుకొనెను. ఆయన పదునైదేండ్ల ప్రాయముననే ఆఱు చుక్కల లిపిని కల్పించెను. ప్యారిసు నగరమున చర్చిలో ఆర్గను వాయించెను. ఆ చుక్కలతోనే సంగీతమును వ్రాయుటకును మార్గము చూపెను. మన దక్షిణదేశముననే కుంభకోణపు శరభశాస్త్రిగారు అంధులు. ఆయన వేణువును కచేరి వాద్యముగా నిలిపిరి. పల్లడం సంజీవరావుగారు వారి శిష్యులే. వీరందఱిలో సామాన్యమైనది వైకల్యము కాదు. అభిరుచిని కాలక్షేపముగా విడువక సాధనగా మార్చుకొనుట.

నాయుడుగారు 1964వ సంవత్సరము నవంబరు 25వ తేదీన, డెబ్బదియొక్క యేండ్ల వయసున, దివంగతులైరి. 1993వ సంవత్సరమున, వారి శతజయంతి సందర్భమున, భారత తపాలాశాఖ వారి చిత్రముతో తపాలాబిళ్ళను వెలువరించెను. విశాఖపట్టణమున వారి విగ్రహము ప్రతిష్ఠింపబడినది. వారి వాదనపు రికార్డులు నేటికిని వినవచ్చును. మీరు ఎప్పుడైనను వీలైనచో కన్నులు మూసికొని వినుడు. నాయుడుగారు ఆ నాదమును ఏ విధముగా విని పలికించిరో ఆ విధముననే మీరును విందురు.

విద్యార్థులారా! ఈ చరిత్రనుండి మనము గ్రహింపవలసినవి రెండు. మొదటిది, తనలో ఏది లోపించినదో దానినే తలంచుకొనుచు కూర్చుండక, ఏది యున్నదో దానిని సానబట్టుట. దీనిని నాయుడుగారు చేసిరి. రెండవది, చుట్టునున్నవారు చేయవలసినది. తమ్ముని ప్రక్కన కూర్చుండి తంతి మీటుట నేర్పిన అన్నగారు, ఒక అంధబాలుని కొఱకు పాఠశాలను తెఱచిన మహారాజు, కన్నును గాక నాదమును పరీక్షించిన దాసుగారు, ఈ మువ్వురు లేకున్నచో నాయుడుగారి సాధన ఒంటరిదై పోయెడిది. మొదటి నీతిని మాత్రమే పట్టుకొని, వైకల్యము గలవారు తామే శ్రమపడి పైకి రావలెనని చెప్పి ఊరకుండుట సులభము. రెండవ నీతి మనకు పని చెప్పును.

నేడు కాలము కొంత మారినది. 2016వ సంవత్సరపు చట్టము ఇరువదియొక్క విధములైన వైకల్యములను గుర్తించి, వైకల్యము గల బాలబాలికలకు ఇతరులతో సమానముగా చదువుకొనుటకును, ఆటపాటలలో పాల్గొనుటకును హక్కు గలదని చెప్పుచున్నది. కాని హక్కు కాగితముపై నుండును. తలుపు మన చేతిలో నుండును. మీ తరగతిలో నల్లబల్ల కనబడని చెలికాడు ఉండవచ్చును. అతనికి పాఠము చదివి వినిపింపుడు. నడువలేని చెలికత్తె ఉండవచ్చును. చదరంగపు పలకను ఆమె యున్నచోటికి తీసికొని పొండు. ఆటలోను, పాటలోను, బొమ్మలు వ్రాయుటలోను వారి పేరు పిలువక మునుపే కొట్టివేయకుడు. ముందుగా వినుడు; చూడుడు; తరువాత నిర్ణయింపుడు. నాయుడుగారి ఇంటిపేరు ద్వారము. ఒక బడిలో మూయబడిన ద్వారము మఱియొక బడిలో తెఱవబడుటచేతనే ఆ పేరు దేశమంతట మాఱుమ్రోగెను.